దోన్కా మిరపకాయలు, మా తోకచుక్క

మా ఆయన జహారి టెలిస్కోపుకి అద్దం అరగదీసిన చలికాలమంతా మా ఇంట్లో ఏ రొట్టె కొరికినా పళ్ల కింద కరకరమనేది. ఆ పని వంటింటి బల్ల మీదే. గాజు పలక మీద గరుకు పొడి చల్లి, నీళ్లు పోసి, ఇంకో గాజు పలకతో రుద్దుతూ బల్ల చుట్టూ గానుగెద్దులా తిరిగేవాడు. "ఇది వంటిల్లా, రాళ్లు కొట్టే చోటా?" అని నేను అరిస్తే, "ఇంకాస్తే నెవేనా, ఇంకాస్తే" అనేవాడు. ఆ ఇంకాస్త వసంతం దాకా సాగింది. కానీ ఆ అద్దంలోంచి మొదటిసారి శనిగ్రహాన్ని చూపించినప్పుడు మాత్రం నాకు తిట్టడానికి నోరు రాలేదు. చుట్టూ వలయం వేసుకుని, అంత చిన్నగా, అంత ముద్దుగా ఉంది. రొట్టెలో ఇసుక సంగతి ఆ పూటకి మర్చిపోయాను. మర్నాడు మళ్లీ గుర్తొచ్చిందనుకోండి.

ఈ కథ జరిగేనాటికి ఆ అద్దానికీ వయసొచ్చింది, మాకూ వచ్చింది. ఇంకా ఫిలిం కెమెరాల కాలమే. ఆ ఏడు ఎండాకాలం నుంచి జహారి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ కప్పు చెప్పింది నాకు, సాసర్ మీద టకటకమంటూ. తర్వాత ఆయన కప్పు ఎత్తడమే మానేసి, బల్ల మీద ఉంచి దాని దగ్గరికే మూతి తీసుకెళ్లేవాడు. "కాలుతోంది" అనేవాడు. చల్లారిపోయిన కాఫీ కూడా కాలుతోందట! క్షణం నోరు మూసుకోవడం చేతకాని దాన్ని, ఈ ఒక్క విషయంలో మూసుకున్నాను. అడిగితే అది నిజమైపోతుందని నా భయం. ఆయనా చెప్పలేదు. ఒకే మంచం మీద పడుకుని, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే బెంగ పెట్టుకున్నాం.

అలాంటి టైములో తోకచుక్క వచ్చింది. ఊరంతా మిరపకాయలు కాల్చి పచ్చడి పెట్టే రోజుల్లో, పొద్దుగూకగానే, పడమటి కొండ మీద. నా కంటికి అది ఎవరో వేలితో కొంచెం చెరిపిన చుక్కలా ఉండేది. జహారి కంటికి మాత్రం అదో పెళ్లికూతురు.

దీని వెనక ఒక పాత అవమానం ఉంది. ఊరి గ్రంథాలయం మేడ మీద చుక్కల పిచ్చోళ్లంతా నెలకోసారి చేరతారు. వాళ్లకి పెద్ద రాంగెల్, బళ్లో భౌతికశాస్త్రం చెప్పేవాడు, నోటి దురద మనిషి. చాలా ఏళ్ల కిందట ఇంకో తోకచుక్క వచ్చినప్పుడు జహారి అలవాటు కొద్దీ పక్కనున్న చుక్క మీద గురి నిలిపి ఫోటో తీశాడు. చుక్కలన్నీ సూదిమొనల్లా వచ్చాయి, తోకచుక్క మాత్రం అలికినట్టు పొడుగ్గా సాగిపోయింది. రాంగెల్ ఆ ఫోటో గోడకి అంటించి కింద "జహారి మీసం" అని రాశాడు. అందరూ నవ్వారు, జహారి కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముట్టలేదు.

తోకచుక్క ఫోటో అంటే మీట నొక్కి చేతులు దులుపుకునే పని కాదు మరి. దాని వెలుగు చాలా తక్కువ, కెమెరా కన్ను చాలాసేపు తెరిచే ఉంచాలి. ఈలోగా ఆకాశం ఆగదు, పడమటికి జారుతూనే ఉంటుంది. ఆకాశంతో పాటు టెలిస్కోపుని తిప్పడానికి జహారి పాత గ్రామఫోను మోటారు బిగించాడు. అది చుక్కల నడకతో తిరుగుతుంది. తోకచుక్క మాత్రం చుక్కల మాట వినదు, తన దారి తనది. అందుకని పెద్ద గొట్టం పక్కన ఒక చిన్న గొట్టం, దాంట్లో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి సన్నటి గీతలు. తోకచుక్క తల ఆ రెండు గీతలూ కలిసే చోటు నుంచి జరక్కుండా ఒక మనిషి కన్ను ఆనించుకుని కూర్చోవాలి. జరిగితే పక్కనున్న మర కొంచెం తిప్పాలి. కొంచెం అంటే నిజంగా కొంచెమే. అన్నట్టు ఆ గీతలు నా తలవెంట్రుకలు. నన్నడక్కుండా దువ్వెనలోంచి తీసుకున్నాడు.

మొదటి సాయంత్రం ఆయనొక్కడే కూర్చున్నాడు. స్నానాలగదిలో ఫిలిం కడిగి, దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. నేనూ వెనకనుంచి తొంగి చూశాను. చుక్కలు చుక్కల్లా లేవు, గీతల్లా కూడా లేవు. వానాకాలం వానపాముల్లా మెలికలు తిరిగి ఉన్నాయి.

"మోటారు గేరు పళ్లు అరిగిపోయాయి" అన్నాడు, నా మొహం చూడకుండా.

"పోనీ రేపు నేను కూర్చుంటా. నువ్వు కెమెరా చూసుకో."

"ఇదేమన్నా పచ్చడి కలపడమా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పచ్చడి కలపడమంటే అంత లోకువా? పొయ్యి ముందు గంటలు గంటలు నిలబడి, అడుగంటకుండా, గరిటె ఆగకుండా తిప్పి చూడు. నా ల్యూతెనిత్సా పచ్చడి ఒక్క ఏడన్నా మాడిందా? నీ ఫిలిములు ఎన్ని మాడాయి?"

ఆయన నవ్వలేదు. తడి ఫిలింని తాడుకి తగిలించి, స్నానాలతొట్టి అంచు మీద కూర్చున్నాడు. "చంద్రుడు పెరుగుతున్నాడు నెవేనా. ఇంకో రెండు సాయంత్రాలు పోతే వెన్నెల్లో తోక కనపడదు. వెన్నెల పోయేసరికి తోకచుక్క కొండ వెనక్కి పోతుంది. ఈసారి కూడా రాకపోతే టెలిస్కోపు బడికిచ్చేస్తా. పిల్లలన్నా చూసుకుంటారు."

మాట మామూలుగానే అన్నాడు. ఆ గొట్టాన్ని నేను తిట్టని రోజు లేదు. కానీ అది పెరట్లోంచి వెళ్లిపోతే ఈ మనిషి సాయంత్రాలు కుర్చీలో కూర్చుని తన చెయ్యి వంక చూసుకుంటూ ఉంటాడు. ఆ తర్వాత ఎన్నాళ్లో ఉండడు. నాకది పుస్తకంలో చదివినంత స్పష్టంగా తెలిసింది.

మర్నాడు జహారి వీధంతా తిరిగి, ఆ సాయంత్రం కాసేపు దీపాలు ఆపమని అందరినీ బతిమాలుకున్నాడు. మా వీధి వాళ్లకి ఆయనంటే ప్రాణం. ఎవరింట్లో రేడియో పాడైనా ఆయనే బాగుచేసి పెట్టాడు. చీకటి పడేసరికి ఒక్క కిటికీలో వెలుగు లేదు. కానీ చీకట్లో ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? మిరపకాయల రోజులాయె. అందరూ కరెంటు కుంపట్లు పెరట్లోకి తెచ్చుకున్నారు, బుట్టలకొద్దీ పొడుగాటి ఎర్ర తీపి మిరపకాయలు కాల్చడం మొదలెట్టారు. చేసింది మేలే అనుకున్నారు పాపం. వీధి వీధంతా కమ్మటి కాల్పు వాసన. పడమటి వైపున్న పెరళ్లన్నింటి నుంచీ పొగ, వేడి గాలి పైకి లేచాయి. చిన్న గొట్టంలోంచి చూస్తే తోకచుక్క మరుగుతున్న చారులో పప్పుబద్దలా ఎగురుతోంది. జహారి కన్ను తీసి, టెలిస్కోపు మీద దుప్పటి కప్పి, లోపలికి వెళ్లిపోయాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. అనే బాధ్యత నా మీద పడింది.

తెల్లారగానే పక్కింటి దోన్కా గుమ్మంలో నిలబడ్డాను. దోన్కా నాకంటే పెద్దది. మా వీధిలో మిరపకాయల లెక్క ఆమెదే. ఆమె కుంపటి వేస్తే వీధి వేస్తుంది, ఆమె ఆపితే వీధి ఆపుతుంది.

"దోన్కా అక్కా, ఇవాళ సాయంత్రం కుంపట్లు వద్దు."

"జహారి దీపాలు ఆపమన్నాడు, ఆపాం. ఇప్పుడు కుంపట్లు ఆపమంటున్నావు. రేపు ఊపిరి కూడా ఆపమంటావా?"

"ఊపిరి తీసుకో అక్కా. పొగ మాత్రం వదలకు."

"అదిగో చూడు, ఆ బుట్టలన్నీ. రేపటికి మెత్తబడతాయి. నీ తోకచుక్క ఇవాళ కాకపోతే ఇంకోసారి వస్తుంది."

"అది మళ్లీ వచ్చేసరికి నువ్వూ ఉండవు, నేనూ ఉండను, నీ పచ్చడి సీసాలూ ఉండవు."

"నా పచ్చడి ఉంటుంది. నీదే ఉండదు, క్రిస్మస్ దాకా కూడా ఆగదు, బూజు పట్టేస్తుంది."

ఇంకో రోజైతే ఆ మాటకి మూడు వీధులు వినేలా పోట్లాడేదాన్ని. ఆ రోజు మింగేశాను. "సరే, నాది బూజే. ఇవాళ పగలే అన్నీ కాల్చేయించు. ఒలిచేది నేను. నీ బుట్టలన్నీ నేనే ఒలుస్తా."

దోన్కా నన్ను ఎగాదిగా చూసింది. మిరపకాయలు ఒలవడమంటే నాకెంత చిరాకో ఆమెకి తెలుసు. చేతులు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది. "జహారి చెయ్యి ఎలా ఉంది?"

నేనూ, ఆయనా అంత జాగ్రత్తగా దాచుకున్నది వీధి మొత్తానికి తెలుసన్నమాట. తెలిసి, మా మొహాల మీద ఎవరూ ఒక్క ముక్క అనలేదన్నమాట. అక్కడే ఆమె గుమ్మంలో ఏడ్చేశాను.

"ఊరుకో, ఊరుకో" అని దోన్కా నా చేతిలో కత్తి పెట్టింది. "ఏడుస్తూ కూడా ఒలవచ్చు. లోపలికి రా."

పొద్దంతా ఒలిచాను. కాలిన మిరపకాయకి నల్లటి తోలు తడి కాగితంలా ఊడొస్తుంది. మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత వేళ్ల చివర్లు ఉడికినట్టవుతాయి. చివర్లో దోన్కా ఒక చిన్న గిన్నె ముందు పెట్టింది. "ఇవి కూడా, చెల్లీ. కారంవి. మా ఆయనకి ఇవి లేకపోతే ముద్ద దిగదు." అవీ ఒలిచాను. ఇంటికొచ్చి సబ్బుతో కడిగాను, ఉప్పు రాశాను, చేతుల మీద రాకియా సారా పోసుకున్నాను. వాసన పోయింది. మిగతాది కూడా పోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం ఆకాశం కడిగిన గాజులా ఉంది. వీధిలో వెలుగు లేదు, పొగ లేదు, ఒక కుక్క కూడా మొరగడం లేదు. జహారి కెమెరా బిగించాడు, మోటారు తిప్పాడు. చిన్న గొట్టం దగ్గరున్న స్టూలు మీద కూర్చోబోయి, ఆగాడు. కాసేపు స్టూలు వంకే చూశాడు.

"ఇవాళ కెమెరా దగ్గర నేను ఉండాలి" అన్నాడు. "మూత తీసేటప్పుడు గొట్టం కదలకూడదు. అందుకని... నువ్వు కూర్చుంటావా?"

మూత తీయడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కూర్చున్నాను.

కన్ను ఆనించాను. చీకట్లో నా రెండు వెంట్రుకలు, అవి కలిసే చోట చిన్న బూడిదరంగు వెలుగుముద్ద. తోకచుక్క తల. ఇంత దగ్గరగా దాన్ని ఎప్పుడూ చూడలేదు నేను. ఎంత మెత్తగా ఉందో! నిద్రపోతున్న పసిపాప ఊపిరిలా ఉంది. ఆయన మూత తీశాడు. వెలుగుముద్ద నెమ్మదిగా జరిగింది, నేను మర తిప్పాను, మళ్లీ చోటికి వచ్చింది. గరిటె తిప్పినట్టే. తొందరపడకూడదు, ఆపకూడదు. నాకు గర్వం కూడా వచ్చింది.

అప్పుడే నుదుటి మీద జుట్టు కంట్లో పడింది. వేలి కణుపుతో తోసుకున్నాను. అంతే. కంట్లో నిప్పు పడ్డట్టయింది. కారం గోళ్ల కింద దాక్కుంది కాబోలు. కన్ను మూసుకుపోయింది, నీళ్లు ధారగా కారుతున్నాయి. రెండో కన్ను ఆనిద్దామంటే అదీ తోడుగా మూసుకుపోయింది.

"జహారీ! నాకు కనపడటం లేదు!"

"ఏమైంది?"

"కారం! దోన్కా కారం! నువ్వు రా, నువ్వు కూర్చో, అది జరిగిపోతోంది!"

ఆయన ఒక్క అంగలో వచ్చి కన్ను ఆనించాడు. మర మీద చెయ్యి వేశాడు. మర పట్టుకునే ఉన్న నా వేళ్లకి ఆ వణుకు తెలిసింది. ఎండాకాలం నుంచి దూరంనుంచి చూస్తున్నదాన్ని మొదటిసారి ముట్టుకున్నాను. గొట్టం మొత్తం సన్నగా వణికింది. ఆయన టక్కున చెయ్యి తీసేశాడు.

"నా వల్ల కాదు నెవేనా" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడి గొంతయింది. "గేరు కాదు. చెయ్యి. నా చెయ్యి..."

"నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"తర్వాత పోట్లాడుకుందాం. నా చెయ్యి మర మీదే ఉంది. నువ్వు కన్ను తియ్యకు. ఎటు తిప్పాలో చెప్పు."

స్టూలు మీద నా పక్కన సర్దుకున్నాడు. తర్వాత, "ఎడమకి" అన్నాడు. "ఇంకొంచెం. ఇంకొంచెం. చాలు. ఆగు."

అలా మొదలెట్టాం. ఆయన చెంప నా చెంపకి ఆనుకుని ఉంది, గడ్డం గుచ్చుకుంటోంది. నా కళ్లు రెండూ మూసుకునే ఉన్నాయి, ముక్కూ నోరూ ఏకమై కారుతున్నాయి, తుడుచుకోవడానికి కారం లేని చెయ్యి లేదు. ఆయనే తన జేబురుమాలు తీసి, కన్ను గొట్టం మీద నుంచి తీయకుండా, తడుముకుంటూ, వణికే చేత్తోనే నా మొహం తుడిచాడు. "పైకి. తగ్గించు. అక్కడే ఉంచు, బంగారం." ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆయన నన్ను బంగారం అన్నది తోకచుక్క కోసమో, నా కోసమో తేల్చుకోలేకపోయాను. ఎవరి కోసమైతేనేం, విన్నాను. మంట తగ్గుతున్నా కళ్లు తెరవలేదు. తెరిస్తే నేనే చూస్తానని ఆయన లేచిపోతాడేమోనని.

తోకచుక్క కొండ అంచుకి చేరేదాకా అలాగే ఉన్నాం. ఆయన మూత వేశాడు. ఇద్దరి మోకాళ్లూ పట్టేశాయి, ఒకరినొకరం పట్టుకుని లేచాం.

ఫిలిం కడిగేటప్పుడు నన్ను కూడా స్నానాలగదిలోకి పిలిచాడు. మందునీళ్ల తొట్టి ఊపింది నేను, చూసింది ఆయన. దీపానికి ఎదురుగా పట్టుకుని ఇద్దరం తలలు ఆనించి చూశాం. ఉంది. తల గట్టిగా, గుండ్రంగా ఉంది, తోక ఫిలిం అంచుదాకా పారింది. చుట్టూ చుక్కలన్నీ చిన్న చిన్న గీతలుగా సాగాయి. తోకచుక్క మీద గురి నిలిపితే అలాగే రావాలట. ఒక్కటే లోపం. ప్రతి గీతకీ మధ్యలో, సరిగ్గా ఒకే చోట, చిన్న వంకర. మేం చోటు మారినప్పుడు పడ్డ వంకర అది. ఆకాశంలో ఒక్క చుక్కని కూడా వదలకుండా పడింది.

"అయ్యో, పాడుచేశాను" అన్నాను.

ఫిలింని తాడుకి తగిలించి, జహారి దాని కింద చాలాసేపు నిలబడ్డాడు.

ఆ నెల గ్రంథాలయం మేడ మీదికి నేనూ వెళ్లాను, జున్ను పెట్టి కాల్చిన బానిత్సా పళ్లెం పట్టుకుని. పెద్ద కాగితం మీద అచ్చు వేసిన ఫోటో బల్ల మీద పెట్టగానే అందరూ మూగారు. రాంగెల్ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కాగితానికి ముక్కు ఆనించి చూశాడు.

"బావుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం ఊళ్లో వింతే. వెంటనే నోటి దురద ఆగలేదు. "కానీ ఇదేంటి జహారీ, అన్ని చుక్కలకీ మధ్యలో ఈ కుదుపు? నీ టెలిస్కోపుని మేక గానీ పొడిచిందా?"

నేను ముందే సిద్ధంగా ఉన్నాను. "గేరు పళ్లు..." అని అందుకున్నాను.

"గేరు బానే ఉంది" అన్నాడు జహారి. "అరిగింది నేను."

కుడిచెయ్యి తీసి, అందరి ముందూ, ఫోటో పక్కన బల్ల మీద పెట్టాడు. పళ్లెంలో చెంచాలు సన్నగా మోగాయి.

"ఎండాకాలం నుంచి ఇలా ఉంది. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్లలేదు, వెళ్తాను. ఈ కుదుపు దాకా చూసింది నెవేనా. ఇక్కణ్ణించి నేను చూశాను, తను తిప్పింది. ఇంక నేను ఒక్కణ్ణే ఏ ఫోటో తియ్యలేను. అది కూడా చెప్పేద్దామని వచ్చాను."

రాంగెల్ కళ్లజోడు కిందికి లాక్కున్నాడు, పైకి తోసుకున్నాడు, ఎటు చూడాలో తెలియక నా బానిత్సా వంక చూశాడు. నాకు మాత్రం, ఎప్పట్లాగే, కోపం వచ్చింది. నవ్వూ ఏడుపూ రెండూ కలిసిన కోపం.

"ఒక్కడివే తియ్యమని నిన్నెవరడిగారయ్యా?" అన్నాను.

జహారి నా వైపు తిరిగాడు. "ఎవరూ అడగలేదు" అన్నాడు, చాలా నెమ్మదిగా. "ఒక్కణ్ణే తియ్యాలని నేనే అనుకున్నాను."